మూడు రోజులకో ఇంజెక్షన్ సరిపోతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది హనుమకొండ. మా అబ్బాయి హైదరాబాదులో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. హాస్టల్లో ఉంచనివ్వరని తన పచ్చ ఇగ్వానా అనే పెద్ద పెంపుడు బల్లిని మా దగ్గర వదిలి వెళ్లాడు. పేరు మిర్చి. వరండాలో గాజు తొట్టెలో ఉంటుంది. పైన మామూలు బల్బు, పక్కన కిటికీ అద్దంలోంచి ఎండ. నెల రోజులుగా సరిగా తినడం లేదు. రంగు నల్లబడింది, వేళ్లు అదురుతున్నాయి, కింది దవడ మెత్తబడింది. డాక్టరు ఎక్స్‌రే తీసి ఎముకల్లో కాల్షియం తగ్గిపోయిందని, నోట్లో పుండు కూడా ఉందని చెప్పారు. ఒక కాల్షియం ఇంజెక్షన్ అప్పుడే ఇచ్చారు. మూడు రోజులకొక యాంటీబయాటిక్ ఇంజెక్షన్, రోజూ కాల్షియం సిరప్ రాశారు. అదురు తగ్గింది కానీ తెల్లవారుజామున మళ్లీ కనిపిస్తోంది. రెండు ఇంజెక్షన్లు అయినా తిండి ముట్టడం లేదు. రోజూ ఇవ్వాల్సిన మందు మూడు రోజులకొకటి ఇస్తే సరిపోతుందా? నోరు తెరిచి అన్నం, ఉడికించిన గుడ్డు పెట్టవచ్చా? ఇంట్లో మా అత్తగారికి 78 ఏళ్లు. ఆమెకేమైనా అంటుతుందని భయం. పక్కింటివాళ్లు ఇది ఉడుమని, భద్రకాళి చెరువు దగ్గర వదిలేయమని అంటున్నారు. మా అబ్బాయి ఫోనులో ఏడుస్తున్నాడు.
– ఒక తల్లి, హనుమకొండ

సమాధానం: అమ్మా, ఈ జవాబు చివరిదాకా చదివే ముందే మీ డాక్టరుకు ఫోన్ చేయండి. తెల్లవారుజామున అదురు మళ్లీ వస్తోందని చెప్పండి. రక్తంలో కాల్షియం బాగా పడిపోయినప్పుడు కండరాలు వాటంతట అవే అదురుతాయి. మనకు చలికి వణుకు పుట్టినట్టు ఇగ్వానాకు పుట్టదు. చలి వేస్తే అది వణకదు, బిగుసుకుపోతుంది. అందుకని ఆ అదురును చలి ఖాతాలో వేసి దుప్పటి కప్పి ఊరుకోవద్దు. కాల్షియం మోతాదు మార్చాలో, మరో ఇంజెక్షన్ కావాలో డాక్టరు నిర్ణయిస్తారు. అదురు ఒళ్లంతా పాకి మూర్ఛలా మారితే తెల్లవారేదాకా ఆగకండి.

ఇక మూడు రోజుల సంగతి. మీ డాక్టరు చేస్తున్నది సరైన పనే. మన ఒంట్లోనో, కుక్క ఒంట్లోనో మందు కొన్ని గంటల్లో ఖర్చయిపోతుంది. సరీసృపాల ఒంట్లో అన్నీ నెమ్మదే. తిన్నది అరగడం నెమ్మది, పుండు మానడం నెమ్మది, మందు బయటికి పోవడమూ నెమ్మదే. సెఫ్టాజిడిమ్ లాంటి యాంటీబయాటిక్‌ను వీటికి 72 గంటలకొకసారి ఇవ్వడం వైద్యంలో మామూలు పద్ధతి. కొన్ని మందులను తొందరపడి రోజూ పొడిస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇంజెక్షన్ ఎప్పుడూ ముందు కాళ్ల వైపే చేస్తున్నారని మీరు గమనించే ఉంటారు. వీటి వెనక భాగంలోని రక్తం గుండెకు చేరేలోపు కొంత మూత్రపిండాల గుండా వెళ్తుంది. మందు ఒంటికంతా పట్టకముందే అక్కడ పోతుందని, మూత్రపిండాలకు భారమవుతుందని ఆ జాగ్రత్త. రెండు ఇంజెక్షన్లకే తేడా కనిపించకపోవడం చెడు సూచన కాదు. ఎముకలు గట్టిపడటానికి వారాలు, నెలలు పడుతుంది. నోటి పుండు తగ్గినట్టు కనిపించినా డాక్టరు చెప్పినన్ని ఇంజెక్షన్లూ పూర్తి చేయించండి.

నన్ను కలవరపెట్టింది ఇంజెక్షన్ల సంగతి కాదు, మీ వరండా. ఇప్పుడు డిసెంబరు. హనుమకొండలో రాత్రిపూట ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతోంది. మిర్చి జాతి పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికాల వెచ్చని అడవులు. దాని ఒంట్లో సొంతంగా వేడి పుట్టదు. బయట ఎంత వెచ్చదనం ఉంటే ఒంట్లో అంత. అమెరికాలోని ఫ్లోరిడాలో చలిగాలులు గట్టిగా వీచిన రోజుల్లో చెట్ల మీది ఇగ్వానాలు బిగుసుకుపోయి టపటపా కింద రాలతాయి. చచ్చాయనుకుంటే, ఎండెక్కాక చాలావరకు లేచి వెళ్లిపోతాయి. ఒళ్లు చల్లబడితే అరుగుదల ఆగుతుంది, క్రిములతో పోరాడే శక్తి తగ్గుతుంది, ఎక్కించిన మందు అక్కడక్కడే ఉండిపోతుంది. మూడు రోజులకోసారి ఇంజెక్షన్ చేయడం డాక్టరుకు ఒక్క నిమిషం పని. మిగిలిన సమయమంతా ఆ మందు పని చేయడం, చేయకపోవడం మీరిచ్చే వేడి మీద ఆధారపడి ఉంటుంది.

కాబట్టి ఈ రోజే తొట్టెను వరండాలోంచి లోపలి గదిలోకి మార్చండి. వంటింట్లో మాత్రం వద్దు. చేపల తొట్టెలు అమ్మే దుకాణాల్లో తీగతో ఉండే చిన్న డిజిటల్ థర్మామీటర్లు దొరుకుతాయి, రెండు కొనండి. ఒకటి బల్బు కింద, ఒకటి దూరపు మూలలో పెట్టండి. పగటిపూట బల్బు కింద 35 నుంచి 37 డిగ్రీలు, రెండో మూలలో 27, 28 ఉండాలి. వేడెక్కువైతే అది చల్లని మూలకు పోగలగాలి. అందుకే తొట్టె అంతా ఒకే వేడిగా ఉంచకూడదు. రాత్రి బల్బు ఆర్పేయాలి, దానికీ చీకటి కావాలి. కానీ జబ్బు తగ్గేదాకా రాత్రి కూడా 25 డిగ్రీల కంటే దిగనివ్వకండి. వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటర్లు ఉంటాయి. బల్బు గానీ హీటర్ గానీ ఒంటికి తగలకుండా జాలీకి అవతల ఉండాలి. ఇగ్వానాలు పొట్ట కాలుతున్నా తెలుసుకోలేక అక్కడే పడుకుంటాయి. బల్బుకు ఆనుకుని వీపు కాల్చుకున్న ఇగ్వానాలకు నేను కట్లు కట్టాను. కరెంటు పోతే వేడినీళ్ల సీసాలను మందపాటి తువ్వాలులో చుట్టి పక్కన పెట్టండి. మూసిన గదిలో కుంపటి మాత్రం ఎప్పుడూ పెట్టవద్దు, ఆ పొగ మీకూ దానికీ ప్రాణం మీదికి తెస్తుంది.

తొట్టెలో ఎత్తైన కొమ్మలుంటే తీసేయండి. ఇగ్వానా చెట్టు మీద బతికే జీవి, ఎత్తు చూస్తే ఎక్కాలనిపిస్తుంది. ఈ ఎముకలతో జారిపడితే కాలో వెన్నో విరుగుతుంది. బల్బు కిందకు చేరేలా తక్కువ ఎత్తున ఒక చెక్క పలక పెడితే చాలు.

వేడి తర్వాత నీళ్లు, నీళ్ల తర్వాతే తిండి. ఈ వరస తప్పితే ఏమవుతుందో నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చూశాను. ఒక చలికాలపు సాయంత్రం చిక్కిశల్యమైన ఇగ్వానాను తెచ్చారు. ఆకలితో చచ్చిపోతోందన్న ఆత్రంలో, చల్లగా ఉన్న ఒంట్లోకి సిరంజితో జావ ఎక్కించాను. అరగని తిండి పొట్టలోనే కుళ్లింది. రెండు రోజుల్లో అది చనిపోయింది. ఆ పూట దాన్ని వెచ్చగా ఉంచి నీళ్లు మాత్రమే పట్టి ఉంటే బతికేదేమో. ఆ తర్వాత ఏ సరీసృపం వచ్చినా నా చేయి ముందు థర్మామీటరు మీదికే వెళ్తుంది.

మిర్చి పెద్దది కాబట్టి కొన్ని రోజులు తినకపోయినా ప్రాణానికి వెంటనే ముప్పు రాదు. నీళ్లు లేకపోతే వస్తుంది. రోజూ మధ్యాహ్నం, ఇల్లు వెచ్చగా ఉన్న వేళ, ఒక వెడల్పాటి టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోయండి. దాని మోచేతుల దాకా మునిగితే చాలు. మీ ముంజేయి పెట్టి చూస్తే వేడీ చలీ అనిపించకూడదు. పావుగంట కూర్చోబెట్టండి. నీరసంగా ఉంది కాబట్టి తల నీళ్లలోకి వాల్చేయగలదు, పక్కనే ఉండండి. చాలా ఇగ్వానాలు నీళ్లలోనే మలవిసర్జన చేస్తాయి, అది మంచిదే. మలంతో పాటు వచ్చే తెల్లని సుద్దలాంటి భాగం దాని మూత్రం, చూసి భయపడకండి. తుమ్మినప్పుడు ముక్కు దగ్గర తెల్లని పొడి పేరుకోవడం కూడా జబ్బు కాదు, ఒంట్లో ఎక్కువైన ఉప్పును అది అలా బయటికి పంపుతుంది. స్నానం కాగానే మెత్తని గుడ్డతో తుడిచి మళ్లీ బల్బు కిందకు చేర్చండి.

ఇప్పుడు మీ అన్నం, గుడ్డు. రెండూ వద్దమ్మా. ముఖ్యంగా గుడ్డు. ఇగ్వానా పూర్తి శాకాహారి. మాంసం, గుడ్డు, కుక్కల తిండి దాని మూత్రపిండాలను మెల్లగా పాడుచేస్తాయి. నోరు తెరిచి పెట్టడం అంతకన్నా ప్రమాదం. మెత్తబడిన దవడను వేళ్లతో విడదీస్తే విరిగిపోతుంది, పుండు రేగుతుంది. వేడి సరిగా అందుతూ, నాలుగైదు రోజులు నీళ్లు ఒంటికి పట్టాక కూడా తినకపోతే, సిరంజితో ఎంత పట్టాలో, ఎలా పట్టాలో డాక్టరు దగ్గరే ఒకసారి చేసి చూపించమనండి. అప్పుడు కూడా కింద చెప్పిన మునగాకు లాంటి ఆకు, ఉడికించిన గుమ్మడి మెత్తగా రుబ్బి వడకట్టినదే. పాలు, పెరుగు, జావ, గ్లూకోజు వద్దు.

అది తనంతట తాను తినేలా రోజూ ఉదయం తాజా ఆకు ముందుంచండి. మన పెరళ్లలో ఉన్నంత మంచి ఇగ్వానా తిండి విదేశాల్లో డబ్బు పోసినా దొరకదు. మునగాకు అన్నిటికంటే మేలు. మందార పువ్వులంటే చాలా ఇగ్వానాలు పడి చస్తాయి, నాలుగు రోజులు ఏమీ ముట్టనిది ఎర్ర మందారం చూసి నాలుక చాచడం నేను చూశాను. మల్బరీ ఆకు పట్టుపురుగులు పెంచే రైతుల దగ్గర దొరుకుతుంది. గుమ్మడి, సొరకాయ సన్నగా తురిమి కలపండి. పాలకూర, తోటకూర, చుక్కకూర, గోంగూర మాత్రం ఇప్పుడు పక్కన పెట్టండి. వాటిలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందనివ్వదు. క్యాబేజీ కూడా రోజూ పెట్టే తిండి కాదు. అరటిపండు రుచికి ఒక ముక్క సరే, కానీ అందులో కాల్షియం కన్నా భాస్వరం ఎక్కువ, అది కాల్షియాన్ని ఒంటికి సరిగా పట్టనివ్వదు. పురుగుమందు కొట్టిన తోటల ఆకు వద్దు.

సిరప్ పట్టేటప్పుడు పసిబిడ్డను పొత్తిళ్లలో చుట్టినట్టు తువ్వాలులో చుట్టి, తల మాత్రం బయటికి ఉంచండి. సూది లేని 1 మి.లీ. సిరంజితో పెదవి పక్కన ఒక్కో చుక్క పెడితే నాకేస్తుంది. తొందరపడి లోపలికి చిమ్మితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 0.1 మి.లీ.కి, 1 మి.లీ.కి మధ్య పది రెట్ల తేడా. మీ మోతాదు గీత దగ్గర సిరంజి మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టించుకోండి. బలం కోసమని విటమిన్ డి చుక్కలు గానీ, ఇంకో కాల్షియం పొడి గానీ మీరుగా కలపకండి. డి ఎక్కువైతే కాల్షియం ఎముకల్లో కాక రక్తనాళాల్లో, మూత్రపిండాల్లో పేరుకుంటుంది. నోటి పుండుకు పసుపు, వేపనూనె రాయవద్దు, మనుషుల నొప్పి మాత్రలు వేయవద్దు.

ఎత్తేటప్పుడు పైనుంచి చేయి తేవద్దు. దాని నడినెత్తిన వెలుగునీడలు పసిగట్టే మూడో కన్ను లాంటిది ఉంటుంది. పైనుంచి నీడ పడితే గద్ద వచ్చిందన్నట్టే బెదురుతుంది. పక్కనుంచి, కింది నుంచి రెండు చేతులూ పొట్ట కింద పెట్టి, నాలుగు కాళ్లకూ ఆసరా ఇస్తూ లేపండి. తోక పట్టుకుంటే తెగి చేతిలోకి వస్తుంది. వంటింటి డిజిటల్ తూకాల్లాంటిది దానికోసం వేరుగా ఒకటి కొని, రెండు రోజులకోసారి ఒకే వేళలో బరువు చూసి నోటు పుస్తకంలో రాయండి. ఇచ్చిన మందు, తిన్న ఆకు, పోయిన మలం, రాత్రి ఉష్ణోగ్రత కూడా రాయండి. డాక్టరుకు మీ మాటకన్నా ఆ పుస్తకం ఎక్కువ చెబుతుంది.

జబ్బు ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే మీ అబ్బాయి తననే నిందించుకుంటున్నాడు. ఆకులోని కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి. ఇగ్వానా దాన్ని చర్మం మీద పడే అతినీలలోహిత కిరణాలతో తయారు చేసుకుంటుంది. ఆ కిరణాలు కిటికీ అద్దంలోంచి రావు. మామూలు బల్బు వేడి ఇస్తుంది తప్ప వాటిని ఇవ్వదు. కాబట్టి ఎండ పడుతూనే ఉన్నా మిర్చికి అందలేదు. రక్తంలో కాల్షియం తగ్గినప్పుడల్లా ఒళ్లు ఎముకల్లోంచి తోడుకుంటుంది. ఆ ఖాళీలో పీచు కణజాలం నిండి తొడలు ఉబ్బుతాయి, చూసేవాళ్లకు బాగా కండపట్టినట్టు కనిపిస్తుంది. అందువల్లే ఈ జబ్బును పెంచేవాళ్లు ఆలస్యంగా గుర్తిస్తారు. ఇగ్వానాల్లో ఇది ఎంతో మామూలుగా కనిపించే జబ్బు. మీ అబ్బాయి దాన్ని ఎండలోనే పెట్టాననుకున్నాడు. ఆ మాట అతనికి చెప్పండి.

సరీసృపాల కోసం ప్రత్యేకంగా అమ్మే, ఆ కిరణాలనిచ్చే యూవీబీ ట్యూబు లైటు తెప్పించండి. దానికీ మిర్చికీ మధ్య గాజు, ప్లాస్టిక్ ఉండకూడదు. వెలుగు బాగానే వస్తున్నా ఆరు నెలల నుంచి ఏడాదిలో కిరణాలు తగ్గిపోతాయి, తేదీ రాసి పెట్టుకుని మార్చాలి. ట్యూబు వచ్చేదాకా మన సూర్యుడే ఉన్నాడు. ఈ కాలంలో ఉదయం తొమ్మిది దాటాక, గాలి లేని డాబా మీద ఇనుప జాలీ పంజరంలో అరగంట ఉంచండి. పంజరం లేకపోతే పెద్ద కోళ్ల గంప బోర్లించినా సరే. సగం మీద గుడ్డ కప్పి నీడ ఇవ్వండి. గాజు తొట్టెతో ఎండలో పెడితే నిమిషాల్లో ఉడికిపోతుంది. కాకులు, గద్దలు, పిల్లులు ఉంటాయి, మీరు అక్కడే కూర్చోండి. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయాక అసలు పరీక్ష మొదలవుతుంది. మే నెలలో మన వరంగల్ ఎండ 44 డిగ్రీలు దాటినప్పుడు వేడి కాదు, చల్లని నీడ వెతకాల్సి వస్తుంది. అప్పుడు ఉదయం ఏడు గంటల లోపు ఎండ మాత్రమే.

మీ అత్తగారి విషయంలో మీ భయం సమంజసమే. ఆరోగ్యంగా ఉన్న ఇగ్వానా మలంలో కూడా సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు. పెద్దవాళ్లకు, ఐదేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు అది గట్టిగా తగులుతుంది. మిర్చి టబ్బు, గిన్నెలు, గుడ్డలు వేరుగా ఉంచండి, వంటింటి సింకులో కడగకండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. అత్తగారిని దూరం నుంచి చూడనివ్వండి, ముట్టుకోనివ్వకండి. ఇంతమాత్రం పాటిస్తే ఒకే ఇంట్లో ఇద్దరూ ఉండవచ్చు.

పక్కింటివాళ్లను పిలిచి మిర్చి చెవి కింద ఉన్న గుండ్రని పెద్ద పొలుసు, గొంతు కింద వేలాడే చర్మం, వీపు మీది ముళ్ల వరస చూపించండి. ఉడుముకు ఇవేవీ ఉండవు. దాని నాలుక పాము నాలుకలా చీలి ఉంటుంది, అది మాంసం తింటుంది. ఉడుమును 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్ కాపాడుతోంది. దాన్ని పట్టడం, పెంచడం నేరం. ఇగ్వానా విదేశీ జీవి. దాన్ని ఉంచుకోవడానికి కేంద్రం 2024లో తెచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్‌లో నమోదు చేయాలి. మీ అబ్బాయి చేశాడో లేదో అడగండి. చేయకపోతే అటవీ శాఖ కార్యాలయంలో కనుక్కుని ఆ పని ముగించండి. చెరువు దగ్గర వదలడం మాత్రం జరగకూడదు. ఈ చలిలో, ఈ ఎముకలతో అది ఒక్క రాత్రి దాటదు. బలంగా ఉన్నా వదలకూడదు. విదేశాల్లో ఇలా వదిలినవి పెరిగి తోటలను పాడుచేస్తున్నాయి.

నోరు తెరిచి ఎగశ్వాస పీల్చడం, నోట్లో బుడగలు, వెనక కాళ్లు ఈడ్చడం, ఒక కాలు హఠాత్తుగా వాయడం, తోక కొన నల్లగా ఎండటం, పొట్ట ఉబ్బి వారమైనా మలం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే చూపించాలి. మిర్చి ఆడదైతే పొట్టలో గుడ్లేమైనా ఉన్నాయా అని ఎక్స్‌రే చూసి చెప్పమనండి, మగది లేకపోయినా అవి గుడ్లు పెడతాయి. రెండో అభిప్రాయం కావాలంటే మామునూరు పశువైద్య కళాశాలకు ముందుగా ఫోన్ చేసి, సరీసృపాలను చూసేవారు ఉన్నారేమో కనుక్కుని వెళ్లండి. హైదరాబాదు తీసుకెళ్లాల్సి వస్తే పలుచని నూలు దిండు గలీబులో ఉంచి మూతి కట్టి, గాలి రంధ్రాలు పెట్టిన థర్మాకోల్ పెట్టెలో, పక్కన వెచ్చని నీళ్ల సీసాతో కారులో వెళ్లండి. బండి మీద చలిగాలికి వద్దు.

ఇంత చేసినా కొన్ని కోలుకోవు. వెన్నెముక దెబ్బతిని, బాధ మాత్రమే మిగిలిందని డాక్టరు చెప్పే రోజు వస్తే, నొప్పి లేకుండా నిద్రపుచ్చే మార్గం ఉందో లేదో నిస్సంకోచంగా అడగండి. మీ ఉత్తరం చూస్తే మిర్చి ఇంకా అక్కడిదాకా రాలేదనే నాకు అనిపిస్తోంది. నాలుగు కాళ్ల మీదా నిలబడుతోందంటే చాలా ఆశ ఉంది. వంగిన దవడ మునుపటిలా తిన్నగా రాకపోవచ్చు. గట్టిపడితే తినడానికి అది చాలు.

సంక్రాంతి సెలవులకు మీ అబ్బాయి వస్తాడు కదా, ట్యూబు, సిరామిక్ హీటర్ హైదరాబాదులోనే కొని తెమ్మనండి. వచ్చీ రాగానే మిర్చిని ఎత్తుకోవద్దని ముందే చెప్పండి. పలక పక్కన అరచేయి వెల్లకిలా పెట్టి, అందులో ఒక మందారం ఉంచి కూర్చోమనండి. ఆ రోజు బరువెంతో నాకు రాయండి.